తలుపుకి ఎదురు కుర్చీ

"ఎవరండీ ఆవిడ? అలా కళ్లప్పగించి చూస్తున్నారు!"

హోటల్లో భర్త ఎప్పట్లాగే తలుపుకి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. పెళ్లయి ఏడాదైనా భార్య మొహం నిండుగా చూసింది లేదు. లోపలికొచ్చిన ఎర్రగొడుగావిణ్ణి మాత్రం ఎగాదిగా చూశాడు. భార్యకి ఒళ్లు మండిపోయింది.

"ఆవిణ్ణి కాదు, చేతిలో సంచిని," అన్నాడతను. ఒకప్పుడు సిపాయి, ఇప్పుడు ఓ పెద్దమనిషికి బాడీగార్డు. "మనం కాచే మనిషిని చూస్తూ కూర్చోకూడదు. మిగతా అందర్నీ చూడాలి."

"మీ మొదటి భార్యతో కూడా ఇలాగే కాపురం చేశారా?"

అనేశాక నాలుక కరుచుకుంది.

అతను మంచినీళ్ల గ్లాసు పక్కకి జరిపాడు. "లేదు. సెలవు మీద వచ్చాను. ఇలాంటి హోటలే. తననే చూస్తూ కూర్చున్నాను. పక్క బల్ల కింద ఎవరో సంచి పెట్టి వెళ్లారు, చూసుకోలేదు. అది పేలింది. నేను మిగిలాను."

పోయిన మనిషి మీద జాలికన్నా ముందు అసూయే పుట్టిందామెకి. ఆ చూపంతా ఆవిడే పట్టుకుపోయింది.

గబుక్కున లేచి అతని పక్కకొచ్చింది.

"లేవండి, కుర్చీలు మారదాం."

"ఎందుకు?"

"తలుపూ నేనే చూస్తాను, సంచులూ నేనే చూస్తాను. మీరు నన్ను చూడండి."