ఉడుము కూతురు

ప్రొఫెసర్ కాలు జారింది. ముందు నడుస్తున్న గైడ్ చటుక్కున వెనక్కి తిరిగి ఆయన మణికట్టు దొరకబుచ్చుకుంది. కింద నాలుగు వందల అడుగుల లోయ. అడుగున ఏరు దారప్పోగులా మెరుస్తోంది.

వేళ్ళు కాస్త సడలిస్తే చాలు. ఆమెను ఎవరూ పల్లెత్తు మాట అనరు. వయసు మీదపడ్డ మనిషి, ఇరుకు దారి, వదులు రాళ్ళు. పార్కు ఆఫీసువాళ్ళు రెండు వాక్యాల రిపోర్టు రాసుకుని ఊరుకుంటారు.

ఆమె సడలించలేదు. ఇంత తేలిగ్గా పోనిస్తే, ఇన్నేళ్ళు కడుపులో దాచుకున్న మంటకు విలువేముంది? పళ్ళ బిగువున ఆయన్ని పైకి లాగింది.

“బతికించావమ్మాయ్!” రొప్పుతూ అన్నాడాయన. “అచ్చం మీ నాన్న పట్టే. అందుకే వాణ్ణి ఉడుము అనేవాళ్ళం.”

“తెలుసు సార్.”

“మంచి పనిమంతుడు. నిలకడే లేదు. ఆ తవ్వకాల యాత్రలో చెప్పాపెట్టకుండా, పని మధ్యలో...”

“అవును సార్. మధ్యలోనే వదిలేశారు.”

ఆయన తలూపి, సీసా ఎత్తి గటగటా నీళ్ళు తాగాడు.

పట్నం మ్యూజియంలో, అద్దాల పెట్టెలో, బారెడు దవడ ఎముక ఒకటి ఉంది. ఈ కొండలు సముద్రం అడుగున ఉన్నప్పటి జంతువుదట. దాన్ని మొదట చూసిన కళ్ళు నాన్నవి. గుహలో తాడు పట్టుకుని దిగి, ఉలితో తొలిచి, గోనెగుడ్డలో చుట్టి పైకి పంపిన చేతులు నాన్నవి. కింద ఇత్తడి పలక మీద పేరు మాత్రం ప్రొఫెసర్‌ది. ఆ ఒక్క పలకతో ఆయన దశ తిరిగింది.

ఉడుముకి చేతివాటం ఉందని, అందుకే పారిపోయాడన్న మాట కూడా ఆ నెలలోనే పుట్టింది. ఎవరి నోట పుట్టిందో అమ్మకు తెలుసు. ఆ మాటలు పడుతూనే కుట్టు మిషను తొక్కి ఆమెను పెంచింది. ఆమె పెద్దదై, ఈ పార్కులోనే గైడ్‌గా చేరింది. సెలవు దొరికితే చాలు, టార్చి పట్టుకుని గుహల్లో దూరేది. “ఆ రాళ్ళలో ఏం పెట్టుకున్నావే?” అని తోటివాళ్ళు వేళాకోళం చేసేవారు.

కిందటి నెల ప్రొఫెసర్‌కి ఉత్తరం రాసింది. మీరు చూడదగ్గది ఒకటి కనబడిందని. ఎవరికీ చెప్పకుండా, ఒంటరిగా వాలిపోయాడాయన. వస్తాడని ఆమెకు తెలుసు.

“మనం వెళ్ళేది ఆ పాత గుహకేనా?” ఉన్నట్టుండి అడిగాడు. నడక ఆగింది.

“కాదు సార్. అది కొండకి అవతలి వైపు. కొండ లోపలంతా జల్లెడే కదా, గుహలకేం కరువు?”

ఆయన ఊపిరి తేలిగ్గా వదిలాడు.

గుహలోకి పాకుతూ వెళ్ళారు. గోడల నిండా రాయిగా మారిన గవ్వలు. పైనుంచి సున్నపు నీళ్ళు బొట్లుబొట్లుగా కారుతున్నాయి. చివరి గదిలో, కొండ అవతలి వైపు నుంచి వచ్చే సన్నటి బిలం పక్కన, గోడవారన, ఆమె టార్చి వెలుగు నిలిపింది.

పుర్రె. పక్కటెముకలు. ముడుచుకున్న కాళ్ళు. అన్నిటి మీదా తెల్లటి రాతి పూత.

ప్రొఫెసర్ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. “మనిషి! ఆది మానవుడు! ఈ కొండల్లో ఇంతవరకూ ఒక్కడు దొరకలేదు!”

“అంత పాతదంటారా సార్? ఈ నీటికి పూత త్వరగానే కడుతుందేమో.”

“నాకే పాఠాలు చెప్తావా? పాతికవేల ఏళ్ళకి తక్కువ కాదు.”

ఆమె వంగి, పుర్రె నుదుటి మీది ఎర్రమట్టి తుడవబోయింది.

“ముట్టుకోకు!” గద్దించాడు. “దాని విలువ నీకేం తెలుసు?”

ఆమె చేయి వెనక్కి తీసుకుంది. తర్వాత మెల్లిగా అంది.

“రెండేళ్ళ కిందట నేనే ముందు చూశాను సార్. ముందు చూసినవాళ్ళ పేరే పలక మీద రాయాలని పార్కు రూలట. నా పేరొద్దు. మా నాన్న పేరు రాయించండి.”

“ఆ, అలాగే. తప్పకుండా.”

“నాకంటే ముందే చూశామని ఎవరైనా అంటే తప్ప, ఇక తిరుగుండదు కదండీ?”

ప్రొఫెసర్ అప్పుడు ఆమె వైపు తిరిగాడు. కళ్ళు తళుక్కుమన్నాయి. “అంతే, అంతే” అన్నాడు.

రెండు నెలల తర్వాత విలేకరుల సమావేశం. అన్ని టీవీల్లోనూ అదే. గోడకున్న టీవీ ముందు, చెక్క బెంచీ మీద, తల్లీకూతుళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు. తెల్లటి చేతితొడుగులతో ప్రొఫెసర్ పుర్రెను ఎత్తి చూపిస్తున్నాడు.

“దీన్ని ఒక గైడ్ కనిపెట్టిందంటున్నారు, నిజమేనా?” ఎవరో అడిగారు.

ఆయన నవ్వాడు. “ఆ అమ్మాయి నా సంచి మోసింది, అంతే. ఈ చోటు నాకు పద్దెనిమిదేళ్ళుగా తెలుసు. దవడ ఎముక దొరికిన యాత్రలోనే చూశాను. అప్పుడు అక్కడ నేను తప్ప వేరే మనిషి లేడు. ఇన్నాళ్ళూ కంటికి రెప్పలా కాపాడుకుంటూ వచ్చాను.”

అమ్మ కూతురి చేయి గట్టిగా నొక్కింది.

“ఈ మాట చాలా అమ్మా?”

“చాలే తల్లీ. ఇక లే.”

ఆమె లేచి వెళ్ళి, పద్దెనిమిదేళ్ళ కిందట ‘నా భర్త ప్రొఫెసర్‌గారితో గుహలోకి వెళ్ళి తిరిగి రాలేదు’ అని అమ్మ ఇదే పోలీసు స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదు నకలును ఇన్‌స్పెక్టర్ బల్ల మీద పెట్టి, టీవీలోని పుర్రె వైపు వేలు చూపించి, “మా నాన్న దొరికాడు సార్” అంది.