తాళం తీస్తాం, తలుపు పగలగొట్టం

"పగలగొట్టెయ్యి నాయనా, ఇంకా చూస్తావేంటి?" అంది పక్కింటావిడ.

ఏనుగు అని పేరుపడ్డ తాళాలాయన బాత్రూం తలుపు ముందు మోకాళ్ల మీద కూర్చుని తాళం చిల్లులోకి టార్చి వేసి చూస్తున్నాడు.

లోపల మూడేళ్ల పిల్ల. ఆడుకుంటూ తలుపు మూసి, పిడి మధ్యనున్న బొత్తాం నొక్కేసింది. ముప్పావుగంటైంది. ఇందాకటిదాకా తలుపు బాదుతూ ఏడ్చిన పిల్ల నుంచి ఐదు నిమిషాలుగా ఉలుకూ పలుకూ లేదు. కుళాయి చప్పుడొక్కటే వినిపిస్తోంది.

"లోపల తొట్టి కూడా ఉందయ్యా. నిండా నీళ్లు," అంది పక్కింటావిడ మళ్లీ.

మామూలుగా అయితే అది రెండు నిమిషాల పని. కానీ పైవాటాయన ఊరుకోలేక ముందే స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పాడు. దాని మొన కాస్తా విరిగి చిల్లులో ఇరుక్కుంది. ఆయన చెయ్యి పెట్టిన పని బాగుపడ్డ దాఖలా ఆ ఇంట్లో లేదు. చేసిన ఘనకార్యం చాలదన్నట్టు ఇప్పుడు గునపం పట్టుకుని నిలబడ్డాడు.

"కొండంత మనిషివి. ఒక్క తన్ను తంతే ఊడి పడదూ?" అన్నాడు.

పడుతుంది. ఆ సంగతి ఏనుగుకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. పదకొండేళ్లు పోలీసు ప్రత్యేక దళంలో అతని పని అదే. ముందు అతను తలుపు తన్నాలి, వెనక మిగతావాళ్లు దూరాలి. ఏనుగని పేరు పెట్టింది కూడా దళంవాళ్లే. రెండో తన్ను దాకా ఆగిన తలుపు లేదని చెప్పుకునేవాళ్లు.

ఆరేళ్ల కిందట ఒక మిట్టమధ్యాహ్నం, పై నుంచి వచ్చిన చీటీలో ఇంటి నంబరు తప్పు పడింది. ఏనుగు తన్నాడు. వచ్చిందెవరో చూద్దామని తలుపు వెనకాల ఓ పసివాడు నిలబడి ఉన్నాడు. మర్నాడు ఆస్పత్రిలో పోయాడు.

విచారణ జరిగిన మూడు నెలలూ ఏనుగు తన బూట్ల కొసలు చూస్తూ కూర్చున్నాడు. తప్పు చీటీ రాసినవాడిదని తేల్చారు. అయినా ఉద్యోగం వదిలేశాడు. ఏడాది పాటు ఇంట్లో ఏ తలుపూ వెయ్యనిచ్చేవాడు కాదు. ఆ తర్వాత ఓ ముసలి తాళాలాయన పక్కన కూర్చుని పని నేర్చుకున్నాడు. సొంతంగా కొట్టు పెట్టి బోర్డు రాయించాడు. తాళం తీస్తాం, తలుపు పగలగొట్టం.

"పదకొండేళ్లు పగలగొట్టి జీతం తెచ్చారు. ఇప్పుడు పగలగొట్టనందుకు ఎవరిస్తారండీ?" అని నవ్వింది భార్య.

ఇచ్చారు. ఇప్పుడు కొట్లో నలుగురు పనివాళ్లు. ఈ ఇంటికి కూడా వాళ్లలో ఒకణ్ణి పంపేవాడే. "మీ వాళ్లొద్దు, మీరే రండి," అంది ఫోన్‌లో ఈ పిల్ల తల్లి.

ఆ తల్లి ఇప్పుడు గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఏడవడం లేదు. తొందరపెట్టడం లేదు. పెదాలు మాత్రం పాలిపోయాయి.

"పాపా, ఒకసారి పలకమ్మా," అన్నాడు ఏనుగు.

పలకలేదు. సన్నటి ఉక్కు కొక్కెం విరిగిన మొనకి తగిలింది, జారింది. మళ్లీ తగిలింది, మళ్లీ జారింది. వేళ్లకి చెమట. తలుపు కింద చీమ దూరేంత సందు కూడా లేదు, అయినా అక్కడి నుంచి నీళ్లు ఊరుతున్నాయి. అతని మోకాలు తడిసింది.

"అక్కడ పిల్ల మునిగిపోతుంటే నీ సూది పనేంటయ్యా? జరుగు," అంటూ పైవాటాయన గునపం ఎత్తాడు. పరాయి తలుపు మీద అందరికీ ధైర్యమే.

ఏనుగు లేచి అడ్డం నిలబడ్డాడు. నిలబడ్డాడే గానీ ప్రాణం గిలగిల్లాడుతోంది. నిజంగానే తొట్టిలో పడి ఉంటే? తన భయం కోసం ఇంకో పసిప్రాణం తీస్తున్నాడా? ఒక్క తన్ను, అర క్షణం పని. కుడికాలు దానంతటదే వెనక్కి వెళ్లింది.

"తన్నకండి," అంది తల్లి. మెల్లగానే అంది. "మీ చేత్తోనే తియ్యండి. తొందరేం లేదు."

"తొందర లేదా? ఇదేం తల్లమ్మా," అని పక్కింటావిడ నోరు నొక్కుకుంది.

ఏనుగు కాలు దింపాడు. మళ్లీ కూర్చున్నాడు. చొక్కాకి వేళ్లు తుడుచుకుని, ఊపిరి బిగబట్టి కొక్కెం తిప్పాడు. విరిగిన మొన టిక్కుమని నేల మీద పడింది. ఇంకో నిమిషానికి తాళం వదిలింది.

తలుపుని ఒక్కసారిగా తొయ్యలేదు. అరచెయ్యి ఆనించి కొంచెం కొంచెంగా జరిపాడు. వేలెడు జరిగాక మెత్తగా ఏదో అడ్డం తగిలింది. ఆగి, సందులోంచి చెయ్యి పెట్టి తడిమాడు. చేతికి తడిజుట్టు తగిలింది, దాని కింద వెచ్చటి చెంప.

పిల్ల తలుపుకి తల ఆనించి, ఏడ్చి ఏడ్చి అక్కడే నిద్రపోయింది. పక్కన బకెట్ నిండి పొర్లుతోంది. పైవాటాయన గునపం గోడకి ఆనించి, లోపలికెళ్లి కుళాయి కట్టేశాడు.

"అమ్మా, ఆకలి," అంది పిల్ల కళ్లు నులుముకుంటూ. ఆ మాటకి తల్లి నేల మీద కూలబడి, పిల్లని గుండెకి హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఏనుగు సామాను సర్దుకున్నాడు.

"మీ వీధి చివరే ఇద్దరు తాళాలవాళ్లున్నారు కదమ్మా," అన్నాడు వెళ్లబోతూ. "ఎక్కడో ఉన్న నన్నెందుకు పిలిచారు?"

ఆమె కళ్లు తుడుచుకుని అతని మొహంలోకి చూసింది.

"ఇంకెన్నడూ తలుపు తన్నని మనిషి కావాలనండి, ఆరేళ్ల కిందట మీరు తన్నిన తలుపు వెనకాల నిలబడ్డది మా పెద్దాడే."