పన్నెండు నిమిషాల వేషం

"డాక్టర్ విన్‌స్లేడ్! మీరే కదా? తొందరగా రండి బాబూ, ఇక్కడ ఈయన ప్రాణం పోయేలా ఉంది!"

రైలు పెట్టె అవతలి కొస నుంచి ఒకావిడ కేక. డెస్మండ్ థాక్రే చేతిలో టీ ఒలికింది. విన్‌స్లేడ్ అనేది టీవీ సీరియల్లో పదకొండేళ్ళుగా అతను వేస్తున్న డాక్టరు వేషం. అంతకుముందు ముప్ఫై ఏళ్ళూ నాటకాలే. నిజం చెప్పాలంటే, వేలు తెగితే కట్టు కట్టుకోవడం కూడా రాదు మహానుభావుడికి.

"కూర్చో!" అంటూ కోటు పట్టి లాగింది పక్కనున్న హెస్టర్. సాయంత్రం కార్లైల్‌లో అతనితో కలిసి నాటకం ఆడాల్సిన నటి. "మతి గానీ పోయిందా? ఆయనకేమైనా అయితే రేపు పేపర్లు నిన్ను ఉతికి ఆరేస్తాయి. నటుణ్ణని చెప్పెయ్."

"చెబితే ఆయనకేం ఒరుగుతుంది?" అంటూ లేచాడు.

నడవలో గార్డు ఎదురయ్యాడు. రైల్లో అడిగి చూస్తే ఇంకో డాక్టరెవరూ పలకలేదట. వచ్చే స్టేషను లాంకాస్టర్ ఇంకా పన్నెండు నిమిషాలు. అంబులెన్సు అక్కడికే వస్తోంది. డెస్మండ్ అతని చెవిలో నిజం చెప్పేశాడు.

గార్డు మొహం పాలిపోయింది. "ఆయనతో మాత్రం అనకండి సార్, ఇప్పటికే హడలిపోతున్నాడు. కదలనివ్వొద్దు, భయపడనివ్వొద్దు అంటున్నారు ఫోన్లో అంబులెన్సు వాళ్ళు."

కిటికీ పక్కన ఎనభై ఏళ్ళ ముసలాయన, వెంట ఎవరూ లేరు. గుండె పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు. కళ్ళనిండా చావు భయం. డెస్మండ్ ఆ కళ్ళలోకి చూశాడు. తెర లేచే ముందు రోజూ చేసేదే ఇప్పుడూ చేశాడు. ఒక్క క్షణం కళ్ళు మూసి తెరిచాడు. అంతే, మనిషే మారిపోయాడు.

నేల మీద మోకరిల్లి, ఆయన టై వదులు చేసి, మణికట్టు అందుకుని సీరియల్లోలాగే నాడి చూశాడు. "నేనొచ్చాను కదండీ, ఇక భయం లేదు. నా వంకే చూడండి. నాతోపాటు ఊపిరి తీసుకోండి... అదీ. నెమ్మదిగా వదలండి."

ఏం గొంతండీ అది! వెయ్యిమంది ఉన్న హాల్లో చిట్టచివరి వరసకీ చేరే గొంతు, ఇప్పుడు ఒక్క మనిషి కోసం పలికింది. రెండు సీట్ల అవతల ఏడుస్తున్న పసిపిల్ల కూడా ఊరుకుంది. మాటలు రాసిచ్చినవాళ్ళెవరూ లేరు, అయినా పన్నెండు నిమిషాలూ ఒక్కటీ తడబడలేదు. ముసలాయన ఊపిరి దారిలో పడింది.

లాంకాస్టర్‌లో స్ట్రెచర్ వచ్చింది. ముక్కుకి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. అప్పటికీ మణికట్టు వదలని డెస్మండ్ ఆయన మీదికి వంగాడు.

"క్షమించండి సార్. నేను డాక్టర్ని కాను, ఉత్త నటుణ్ణి. మిమ్మల్ని మోసం చేశాను."

ముసలాయన మాస్కు పక్కకి జరిపాడు.

"తెలుసయ్యా. నలభై ఏళ్ళు గుండె డాక్టరుగా చేసినవాణ్ణి. బొటనవేలితో నాడి చూడకూడదని మీ సీరియల్ వాళ్ళకి ఏడు ఉత్తరాలు రాశాను. ఇవాళా బొటనవేలే పెట్టావు... చెయ్యి మాత్రం వదలకు."