బొండాల తాత

"సిస్టర్ గారూ, ఆ ముసలాయన మళ్లీ నాన్నగారి బొండాలు తీసుకెళ్లిపోతున్నాడండి!"

ఉమాశ్రీ కేకకు నర్సు రజిత వార్డులోకి వచ్చింది.

1998 మే నెల, మంగళవారం సాయంత్రం. కొండాపూర్ రోడ్డులో ముప్పై పడకల ఆస్పత్రి. రజిత అందులో చేరి రెండేళ్లు. మొదటి నుంచీ కిడ్నీ వార్డే.

ముసలాయన తలుపు దగ్గర ఆగాడు. ఖాకీ చొక్కా, పంచె. రెండు చేతుల్లో రెండు బొండాలు.

పేరు సాయిలు. రోడ్డుకు అవతల కడుతున్న కంపెనీ భవనానికి వాచ్‌మన్. నెల రోజులుగా రోజూ నాలుగింటికి, రోగుల్ని చూడ్డానికి వచ్చేవాళ్లతో కలిసి లోపలికి వస్తున్నాడు. అతని తాలూకు రోగి ఎవరూ లేరు. మంచాల మధ్య తిరుగుతాడు. బొండం కనిపించిన చోట ఆగుతాడు.

"జర దూపైతుంది సారూ. ఆ బొండం నాకిస్తవా?"

కొందరు ఇచ్చేవాళ్లు. కొందరు కసిరేవాళ్లు. ఆయాలు బొండాల తాత అని పేరు పెట్టారు.

"గేటు కాడ బండే పెట్టుకోరాదు తాతా, దండిగ జమైనయి గద!" అని నవ్వేవాళ్లు.

ఉమాశ్రీ తండ్రి నరసింహమూర్తి ఆరో నంబరు మంచం మీద ఉన్నాడు. నీటిపారుదల శాఖలో సూపరింటెండెంట్. కాకినాడ వైపు మనిషి. కిడ్నీలు పనిచేయడం లేదు. సోమ, గురువారాలు డయాలసిస్. రోజుకు ముప్పావు లీటరుకు మించి ఏదీ తాగకూడదు. చూడ్డానికి వచ్చిన ఆఫీసువాళ్లు ఎవరూ వట్టి చేతులతో రాలేదు.

"అడిగితే ఇచ్చేవాళ్లమండి. మొన్నా ఇచ్చాం, నిన్నా ఇచ్చాం. నాన్నగారు కునుకు తీస్తుంటే పట్టుకెళ్తే దొంగతనం కాదూ?" అంది ఉమాశ్రీ.

రజిత సాయిలు చెయ్యి పట్టుకుంది.

"ఏంది తాతా ఇది? ఇజ్జత్ లేదా?"

"నువ్వన్న చెప్పు బిడ్డా. ఆ సారు ఇవి తాగద్దు. నేను చెప్తే ఇంటలేరు."

"నాకు తెలుసు. నువ్వు నడువు."

ఆమెకు తెలుసు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. పనిచేయని కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు. అది పేరుకుంటే గుండె ఆగుతుంది. నర్సింగ్ రెండో ఏడాది పాఠం.

సాయిలును గేటు దగ్గర సెక్యూరిటీ యాదయ్యకు అప్పగించింది.

"ఇగ ఈయనను లోపలికి రానియ్యకు."

తిరిగొచ్చి బొండాలు రెండూ ఉమాశ్రీ చేతికిచ్చింది. తాగించొద్దని చెప్పబోయింది. డయాలసిస్ గదిలో మెషీన్ అలారం మోగింది. రజిత అటు పరుగెత్తింది.

ఏడున్నరకు ఎనిమిది మంది రోగుల ఫైళ్లు పూర్తి చేసింది. చివరి గడిలో రోజూ రాసే వాక్యమే రాసింది. ఆహార నియమాలు కుటుంబానికి వివరించాం. ఎనిమిది ఫైళ్లలోనూ రాసింది. ఎనిమిది సంతకాలు పెట్టింది.

బుధవారం సాయిలు రాలేదు.

సాయంత్రం అయిదింటికి ఉమాశ్రీ నర్సుల గదికి వచ్చింది.

"నాన్నగారు కాళ్లు లేవట్లేదంటున్నారండి."

రజిత నాడి చూసింది. నిమిషానికి ముప్పై ఆరు.

డాక్టర్ రామచంద్రం వచ్చారు. ఈసీజీ తీశారు. కాల్షియం ఇంజెక్షన్ ఇచ్చారు. డయాలసిస్ మెషీన్‌ను మంచం దగ్గరికే తెప్పించారు.

"ఏం తాగారు?"

"నిన్న రెండు బొండాలు, ఇవాళ మూడు. దాహం దాహం అంటుంటే చలవ చేస్తుందని నేనే పట్టానండి."

"వద్దని చెప్పారుగా! ఫైల్లో ఉందే!"

ఉమాశ్రీ రజిత వైపు చూసింది. రజిత బీపీ చూసే పనిలో ఉంది. తల ఎత్తలేదు.

"చెప్పే ఉంటారండి. నా బుర్రకే ఎక్కలేదేమో," అంది ఉమాశ్రీ.

ఏడూ పదికి డాక్టర్ నరసింహమూర్తి గుండె మీంచి చేతులు తీశారు.

శుక్రవారం డ్యూటీ దిగాక రజిత రోడ్డు దాటింది.

భవనం పక్కన వాచ్‌మన్ రేకుల గుడిసె. ముందు ఇటుకలు పేరుస్తున్న కూలీ అంజమ్మ తల ఎత్తింది.

"సాయిలు తాత ఉన్నడా?"

"నిన్ననే తెల్లాపూర్ సైటుకు తోలిండు మేస్త్రి. ఏం పని?"

"మాట్లాడేదుండె."

గుడిసె వెనక బొండాల కుప్ప ఉంది. అడుగువి ఎండిపోయాయి. దేనికీ చిల్లు లేదు.

"అగో, గా బొండాలే," అంది అంజమ్మ. "తెచ్చి గిట్ల పడేస్తడు. తను తాగడు, మమ్ముల తాగనియ్యడు. పిస లేసిందా అని తిట్టిన ఒకపారి."

"మా దవాఖానకు ఎవరి కోసం వచ్చెటోడు?"

"ఇప్పుడెవలున్నరు? ఆయన పెండ్లాం లచ్చమ్మ ఉగాది ముంగట మీ దగ్గర్నే పోయింది. కిడ్నీలు కరాబైనయి."

రజిత ఆ ముఖం గుర్తు చేసుకోబోయింది. రాలేదు.

"దేనితోని పోయిందో పోయినంక చెప్పిండంట డాక్టరు," అంది అంజమ్మ. "అంతకుముందు ఎవ్వలు ఒక్క మాట చెప్పలే బిడ్డా. చలువ చేస్తదని రోజుకు రెండు బొండాలు తన చేతులతోని తాగిపిచ్చింది ఆయనే."