రౌతు లేని గుర్రం

“ఇదిగో గొంబో తాతా, పిల్లల హెల్మెట్. ఈ నాదమ్ పండగ గుర్రప్పందేల నుంచి, స్వారీ చేసే పిల్లలకు తప్పనిసరి,” అంది క్రీడల మంత్రిత్వ శాఖ జీపు దిగుతూనే దెన్స్మా. “ఇంకో మంచి మాట. రౌతు లేకుండా వచ్చిన గుర్రానికి ఇక బహుమతి లేదు.”

గుర్రాలకు పందెం నేర్పే గొంబో ఆమెకు గిన్నెడు పులిసిన గుర్రంపాలు అందించాడు.

“నిరుడు మా ఎర్రది ఖాళీ జీనుతో మొదటొచ్చింది. దాని మెడకు గెలుపు నీలిపట్టు కట్టింది నువ్వే కదమ్మా.”

“అప్పటి రూలు అది తాతా. గుర్రం వస్తే చాలు.”

“అవును. దాని చెమట రాసుకుంటే కలిసొస్తుందని జనం ఎగబడ్డారు. నువ్వూ నుదుటికి రాసుకున్నావు.”

దెన్స్మా చెయ్యి నుదుటి దాకా వెళ్లి ఆగింది. ఆ రోజు, దాని మీది పిల్ల ఏదని ఎవరికీ తోచలేదు. గొంబో మనవరాలు, ఏడేళ్ల నాందిన్, గుట్ట అవతల పడి ఉంది. జీపు వెళ్లేసరికి ఒళ్లు చల్లబడిపోయింది.

“ఈసారీ ఎర్రదాన్ని పందెంలో దించుతున్నారా?” అంది, మాట మార్చాలని.

“దించి ఏం లాభం? ఎవర్ని ఎక్కించినా ఆ గుట్ట దాకా గాలిలా పోతుంది. అక్కడ ఆగి, చిన్నపిల్ల ఎక్కడానికి వీలుగా మెడ వంచుతుంది. చచ్చినా అడుగు ముందుకెయ్యదు.”

గొంబో హెల్మెట్‌ను, దుమ్ము లేకపోయినా, చేత్తో తుడిచాడు.

“మీ రూలు మంచిదేనమ్మా. ఆ రూలు గుర్రం మీకంటే ముందే పెట్టుకుంది.”