పాత నంబరు

వెబ్‌సైట్‌లో నేను పెట్టిన ఫోన్ నంబరు మళ్లీ పోయింది. దాని చోట మా ఆయన నంబరు వచ్చి కూర్చుంది.

ఆయన మంచం పట్టాక కర్టెన్ల షాపు నేనే నడుపుతున్నాను. ఆయన ఫోనెత్తితే కొలతలు తారుమారవుతున్నాయని నా నంబరు పెట్టాను. రోజు తిరక్కుండానే మళ్లీ పాతదే. సైటు చూసేది మా మరిది. అడిగితే ఎప్పుడూ ఒకటే పాట.

"కాష్ ప్లగిన్ వదినా. సైటు తొందరగా తెరుచుకోవాలని పాత పేజీనే దాచుకుని చూపిస్తుంది. అదే సర్దుకుంటుందిలెండి."

నా చెవిలో పువ్వు పెడుతున్నాడనిపించింది. సైటులోకి ఎవరెవరు వచ్చారో రాసిపెట్టే సెక్యూరిటీ ప్లగిన్ తెరిచి చూశాను. బయటివాళ్లెవరూ సైటులోకి చొరబడలేదు. వచ్చింది నేనూ మరిదీ, ఇద్దరమే. అన్న కుర్చీలో వదిన కూర్చోవడం గిట్టడం లేదు కాబోలు!

నిన్న చెప్పాపెట్టకుండా ఆ కాష్ ప్లగిన్ పీకేసి, నా నంబరు పెట్టాను. ఈ పొద్దున మళ్లీ పాతదే. మరిదిని పిలిచాను.

"ఇదేంటి?"

"అదే వదినా, కాష్..."

"దాన్ని నిన్ననే తీసేశాను. ఇప్పుడు చెప్పు."

అతను మా ఆయన పడుకున్న లోపలి గదివైపు చూసి గొంతు తగ్గించాడు.

"మీ నంబరు పెట్టిన రోజు అన్నయ్యకి ఒక్క ఫోనూ రాదు వదినా. ఫోను పాడైందేమో చూడరా అని నా చేతికిస్తూనే ఉంటాడు."

నంబరు మార్చబోయిన నా చెయ్యి ఇంకా మౌస్ మీదే ఉంది. లోపల ఫోను మోగింది.

"కర్టెన్ల షాపండీ... చెప్పండి" అన్నారు మా ఆయన, మాట కూడదీసుకుంటూ. అవతలివాళ్లు చెప్పిన కొలతలు మూడుసార్లు తప్పుగా అప్పజెప్పారు.

నేను మౌస్ వదిలేశాను.