ముప్పయ్యో పేషెంట్

"మీకు ఏడుపు వస్తోందా?"

"వస్తుందండీ."

"ఎప్పుడెప్పుడు?"

"గిన్నెలు కడిగేటప్పుడు. నీళ్ల చప్పుడులో ఎవరికీ వినపడదు."

డాక్టర్ కృష్ణమోహన్ కాగితం మీద రెండు మార్కులు వేశాడు. ఈ పరీక్షలో మార్కులు ఎంత ఎక్కువొస్తే దిగులు అంత ఎక్కువ. నళినికి మొదటి గురువారం ఇరవై ఆరు వచ్చాయి. ఆ లెక్కన ఆమే క్లాసు ఫస్టు.

1982 జనవరి. జెర్సీ సిటీలో ఓ ఆసుపత్రి. డిప్రెషన్‌కి కొత్త మందు మీద స్టడీ నడుస్తోంది. సగం మందికి అసలు మందు. మిగతా సగానికి అదే రంగు క్యాప్సూల్‌లో ఉత్త పంచదార. ఎవరికి ఏది అందిందో డాక్టరుకి కూడా తెలియదు. ఆ రహస్యం సీలు వేసిన కవర్లలో ఉంటుంది.

ముప్పై మంది కావాలి. ఇరవై తొమ్మిది మందే దొరికారు. గడువు ముంచుకొస్తోంది. అప్పుడు తగిలింది నళిని. రూలు ప్రకారం ఆమెని చేర్చుకోకూడదు. కానీ రూళ్లు చూసుకుంటూ కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. తెలుగువాళ్ల చెవిన పడితే పిచ్చిదంటారని ఫారంలో పుట్టింటి ఇంటిపేరు రాయించాడు.

మిగతా రూళ్ల దగ్గర మాత్రం డాక్టరు చండశాసనుడు. పేషెంట్లందర్నీ ఒకే మర్యాదతో పలకరించాలి. ఇరవై నిమిషాలకి తగ్గకుండా కూర్చోవాలి. చెబుతుంటే అడ్డు తగలకూడదు. స్టడీ పుస్తకంలో అలా ఉంది. అలాగే చేశాడు.

"ఇంట్లో మీ ఆయనతో ఎలా ఉంటుంది?"

నళిని అతని వంక కాసేపు చూసింది. "మంచివారే. బిజీ."

"బతకడం ఎందుకని ఎప్పుడైనా అనిపించిందా?"

"కిటికీ దగ్గరికి వెళ్లడం మానేశానండీ."

"ఎందుకు?"

"పదకొండో ఫ్లోర్ కదా."

పెన్ను ఆగింది.

"ఈ మాట ఇంకెవరికైనా చెప్పారా?"

"ఎవరడిగారు?"

అంతవరకూ వెళ్లిన మనిషిని స్టడీలోంచి తీసేసి, వెంటనే అసలు వైద్యం మొదలుపెట్టాలి. తీసేస్తే మళ్లీ ఇరవై తొమ్మిదే. డాక్టరు మూడు మార్కులు వేసి తర్వాతి ప్రశ్నకి వెళ్లాడు.

రెండో గురువారం నళిని మంచులో బస్సెక్కి పావుగంట ముందే వచ్చి కూర్చుంది. నాలుగో వారం శుభ్రంగా జడ వేసుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. ఐదో వారం నర్సుకి పులిహోర తెచ్చిపెట్టింది. ఆరో వారం, కాకినాడలో చిన్నప్పుడు అన్నయ్య సైకిల్ దొంగతనంగా తొక్కి పెంటకుప్పలో పడ్డ సంగతి చెప్పి తనే నవ్వింది. డాక్టరు ఆ సంగతి వినడం అదే మొదటిసారి.

ఎనిమిదో వారానికి మార్కులు ఆరుకి దిగాయి. ఆమెది అసలు మందేనని నర్సు పందెం కాసింది.

మార్చిలో కవర్లు విప్పారు. నళినిది పంచదార.

డాక్టరుకి ఒళ్లు మండింది. మందుకి రావలసిన పేరు పంచదార కొట్టేసింది మరి.

"మీరు మింగింది మందు కాదండీ. షుగర్. అంతా మీ నమ్మకమే."

"దాన్ని నేనేం నమ్మలేదు," అంది నళిని. "గురువారం కోసం చూశాను. నిద్ర పట్టిందా అని అడుగుతారు. నేను చెప్పేదాకా ఆగుతారు. ఈ దేశం వచ్చిన నాలుగేళ్లలో నన్నెవరూ అలా అడగలేదండీ."

ఫారంలో దానికి గడి లేదు. డాక్టరు రాసుకోలేదు.

"క్యాప్సూల్స్ ఇవ్వకండి. ఉత్తినే ఇంకో నాలుగు వారాలు రానివ్వరూ?" అంది నళిని. "మళ్లీ మొదటికొస్తుందేమోనని భయంగా ఉంది."

"స్టడీ క్లోజ్ అయిపోయిందండీ. ఇక మీరు రానక్కర్లేదు."

ఆమె కోటు తొడుక్కుని, నర్సుకి చెప్పి, బస్ స్టాప్‌కి నడిచింది.

సాయంత్రం ఏడింటికి డాక్టర్ కృష్ణమోహన్ కారు పార్క్ చేసి, లిఫ్టులో పైకొచ్చి, తలుపు తీసిన భార్య చేతికి బ్యాగు అందించి, టీవీ ఆన్ చేస్తూ, "అన్నం పెట్టెయ్, నళినీ," అన్నాడు.